ఎకోలో గుండె పై గదుల మధ్య గోడ కొవ్వుతో మందంగా ఉందట, అమ్మ మోకాలి ఆపరేషన్ ఆపాలా?

వనస్థలిపురం కూతురు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. అమ్మకు 67 ఏళ్లు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) ఉంది, చాలా ఏళ్లుగా ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర చిన్న డోసులో వాడుతోంది. బీపీకి ఒక మాత్ర. ఎత్తు ఐదడుగులు, బరువు 82 కిలోలు. కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది, మార్పిడి చేద్దామని ఎముకల డాక్టర్ గారు తేదీ ఇచ్చారు. ముందుగా ఫిట్‌నెస్ కోసం ఈసీజీ, రక్త పరీక్షలు, 2డీ ఎకో రాశారు.

ఈసీజీ బాగుంది. ఎకో రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను: ‘ఇంటర్ ఏట్రియల్ సెప్టమ్ థికెన్డ్, 22 మి.మీ., లైపోమాటస్ హైపర్‌ట్రోఫీ, ఫోసా ఓవాలిస్ స్పేర్డ్. నో క్లాట్. ఈఎఫ్ 60 శాతం. మైల్డ్ ఎంఆర్.’

సంతకం పెట్టిన డాక్టర్ గారు మేం రిపోర్టు తీసుకునేసరికి వెళ్లిపోయారు. కౌంటర్‌లో ఉన్న మనిషి కాగితం చూసి, ‘గుండెలో గడ్డ ఏమో అమ్మా, కార్డియాక్ ఎంఆర్ఐ చేయించండి, సాయంత్రం స్లాట్ ఖాళీ ఉంది’ అన్నాడు. అమ్మ పక్కనే ఉంది. ఆ మాట వినగానే కుర్చీలో కూలబడిపోయింది. ఎలాగో సర్దిచెప్పి ఇంటికి తీసుకొచ్చాను.

అప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. నల్లగొండ నుంచి పిన్ని ఫోన్ చేసి, గుండెలో కొవ్వు పేరుకుందంటే అటాక్ వచ్చే ముందు లక్షణం, యాంజియోగ్రామ్ చేయించు అంటోంది. అమ్మ నెయ్యి, నూనె మానేసింది, అన్నం కూడా సగానికి తగ్గించింది. స్టెరాయిడ్ వల్లే కొవ్వు పెరిగిందని ఎవరో వీడియోలో చెప్పారట, రేపటి నుంచి ఆ మాత్ర కూడా వేసుకోనంటోంది. మోకాలు కూడా వద్దంటోంది. బాత్రూమ్‌కి వెళ్లాలంటే గోడ పట్టుకుని నడిచే మనిషి ఆపరేషన్ వద్దంటే నాకు ఏడుపొస్తోంది.

కార్డియాలజిస్టు అపాయింట్‌మెంట్ గురువారం దొరికింది. అప్పటిదాకా అమ్మకు ఏం చెప్పాలి? ఇది కేన్సరా? బ్లాకా? ఎంఆర్ఐ ఇప్పుడే అవసరమా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

కూకట్‌పల్లి 72 జవాబు

మా నాన్నగారికి కూడా ఇదే వచ్చింది చెల్లీ. ఛాతీలో మంట అని వెళ్తే సీటీ యాంజియో తీశారు. రక్తనాళాలు బాగున్నాయి, కింద ఒక లైనులో ఈ లైపోమాటస్ అన్న మాట ఉంది. డాక్టర్ గారిని అడిగితే, ‘వయసు మీద పడ్డవాళ్లలో కనిపిస్తుంటుంది, దీనికి మందూ లేదు, మందు అక్కర్లేదు కూడా’ అన్నారు. మంట గ్యాస్‌దని తేలింది. కొన్నేళ్లయింది, ఆయన రోజూ కాలనీ పార్కులో నడుస్తున్నారు. భయపడకండి.

ప్రకృతి మార్గం జవాబు

సోదరీ, ఆపరేషన్ గురించి తొందరపడవద్దు. పరగడుపున నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అల్లం రసం, నిమ్మరసం, తేనె కలిపి మండలం పాటు తీసుకుంటే గుండెలో పేరుకున్న కొవ్వు కరిగిపోతుంది. మా బంధువుల్లో చాలామందికి గుణం కనిపించింది.

మలక్‌పేట ఎకో గది జవాబు

అమ్మాయీ, నేను ఎకో టెక్నీషియన్‌ని. ఈ పనిలోనే జుట్టు నెరిసింది. నేను డాక్టర్‌ని కాను, మీ అమ్మగారి ఎకో నేను చూడలేదు, కాబట్టి గురువారం డాక్టర్ గారు చెప్పేదే ఆఖరి మాట. కానీ ఈ గోడను రోజూ తెర మీద చూసే మనిషిని. రిపోర్టులో ఆ రెండు లైన్లు ఏం చెబుతున్నాయో చెప్పగలను. అమ్మగారికి చదివి వినిపించండి. ఈఎఫ్ 60 శాతం అంటే గుండె పంపింగ్ మామూలుగా ఉందని, మైల్డ్ ఎంఆర్ అంటే ఎడమ వైపు గదుల మధ్య కవాటం కొద్దిగా లీకవుతోందని. మిగతాదంతా గోడ సంగతి.

గుండెకు నాలుగు గదులు. పైన రెండు చిన్నవి, కింద రెండు పెద్దవి. పై రెండు గదుల మధ్య ఉండే గోడే ఇంటర్ ఏట్రియల్ సెప్టమ్. పుస్తకంలో బొమ్మ చూస్తే ఇటుక గోడలాగా నిలువుగా గీత గీసి ఉంటుంది గానీ, నిజంగా అది అలా ఉండదు. అసలైన గోడ మధ్యలో చిన్న పల్లం మాత్రమే, దాని పేరే ఫోసా ఓవాలిస్. అక్కడ మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు, పొర లాంటిది. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తం ఆ దారిలోనే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తుంది, పుట్టాక మూసుకుంటుంది. ఆ పల్లానికి పైనా కిందా మనం గోడ అనుకునే భాగం నిజానికి మడత. రెండు దిండ్లు పక్కపక్కన పెట్టి ఒత్తి వాటి మీద దుప్పటి పరిస్తే, దుప్పటి కొంచెం మధ్యలోకి దిగి మడత పడుతుంది చూడండి, గుండె బయటి పొర ఆ రెండు గదుల మధ్యకి అలా దిగి ఉంటుంది.

గుండె బయట అందరికీ కొంత కొవ్వు ఉంటుంది. సన్నగా ఉన్నవాళ్లకీ ఉంటుంది. ఆ కొవ్వే ఆ మడతలోకి కూడా దిగి ఉంటుంది. కొందరిలో వయసుతో, బరువుతో, చాలాకాలం స్టెరాయిడ్ వాడటంతో అక్కడ ఎక్కువ చేరుతుంది. గోడ 20 మిల్లీమీటర్లు దాటితే మామూలుగా ఈ పేరు రాస్తారు. మీ అమ్మగారిది 22. అంటే గీత దాటింది గానీ చాలా దూరం దాటలేదు.

ఇప్పుడు పిన్నిగారి మాటకు వద్దాం. అటాక్ తెచ్చే కొవ్వు ఉండే చోటు వేరు. గుండె కండరానికి రక్తం ఇచ్చే నాళాలు గుండె పైభాగాన పాకుతూ ఉంటాయి, మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు. వాటి లోపలి పొరలో కొలెస్టరాల్ చేరి దారి ఇరుకైతే దాన్ని బ్లాక్ అంటారు. మీ రిపోర్టులో రాసిన కొవ్వు ఆ నాళాల్లో లేదు, రక్తం పారే దారిలోనూ లేదు. మడతలో ఉంది. దాని మీద గుండె లోపలి పొర నున్నగా కప్పి ఉంటుంది. కాబట్టి ముక్క ఊడి ఎటో కొట్టుకుపోతుందన్న భయం కూడా అక్కర్లేదు. అలాగని 67 ఏళ్ల మనిషికి, బీపీ ఉన్న మనిషికి రక్తనాళాల సంగతి పట్టించుకోవద్దని నేననను. అది విడి ప్రశ్న. మామూలు 2డీ ఎకోలో బ్లాకులు నేరుగా కనబడవు. ఛాతీ నొప్పి, నడిస్తే ఆయాసం లాంటివి అడిగి, ఈసీజీ చూసి, ఇంకా పరీక్ష కావాలో వద్దో డాక్టర్ గారు చెప్తారు. అమ్మగారు మోకాలి నొప్పితో ఎక్కువ నడవరు కాబట్టి ఆయాసం బయటపడకపోవచ్చు, ఈ మాట ఆయనకు మీరే గుర్తు చేయండి.

కేన్సరా అని అడిగారు. రిపోర్టులో ‘ఫోసా ఓవాలిస్ స్పేర్డ్’ అని రాశారు చూడండి, మీకు అన్నిటికంటే ధైర్యం ఇవ్వాల్సిన మాట అదే. ఈ కొవ్వు ఆ మధ్య పల్లాన్ని వదిలేస్తుంది. పైన లావు, మధ్యలో సన్నం, కింద లావు. తెర మీద డంబెల్ ఆకారం వస్తుంది. ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. పెద్దవాళ్ల గుండెలో పుట్టే గడ్డల్లో ఎక్కువగా కనిపించేది మిక్సోమా. అది చాలామందిలో ఎడమ పై గదిలో, సరిగ్గా ఆ పల్లం దగ్గరే కాడతో అతుక్కుని, గుండె కొట్టుకుంటుంటే అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. అంటే గడ్డ అంటుకునే చోటును కొవ్వు వదిలేస్తుంది. కేన్సర్ అయితే హద్దు చూసుకోదు, పల్లాన్ని కూడా తినేస్తుంది, చుట్టుపక్కలకి పాకుతుంది, గుండె చుట్టూ నీరు చేరొచ్చు. అలాంటివేవీ మీరు రాసినదాంట్లో లేవు.

లైపోమా అని ఇంకోటి ఉంది, పేరు దగ్గరగా ఉండి జనాన్ని కంగారు పెడుతుంది. చేతి మీద, వీపు మీద మెత్తగా చర్మం కింద జరిగే కొవ్వు గడ్డలు చాలామందికి ఉంటాయి కదా, అవి లైపోమాలు. వాటికి చుట్టూ సంచి లాంటి పొర ఉంటుంది. గోడలోని ఈ కొవ్వుకు అలాంటి సంచి ఉండదు, మామూలు కొవ్వు కణాలు, పసిపిల్లల్లో ఎక్కువగా ఉండే గోధుమరంగు కొవ్వు కణాలు, మధ్యలో చిక్కుకున్న గుండె కండరపు పోగులు, అన్నీ కలిసి ఉంటాయి. 1964లో ప్రయర్ అనే పాథాలజిస్టు దీని గురించి రాశాడు. అప్పట్లో చనిపోయాక శవపరీక్షలోనే తెలిసేది. ఇప్పుడు ప్రతి ఆపరేషన్ ముందూ ఎకో, ఛాతీ నొప్పంటే సీటీ, కాబట్టి బతికున్నవాళ్లలో ఇంత తరచుగా కనిపిస్తోంది. వెతికి చూసిన అధ్యయనాల్లో వందలో ఒకరి నుంచి ఎనిమిది మంది దాకా లెక్క వచ్చింది.

ఎంఆర్ఐ సంగతి. ముందు ఎకో ఎలా తీశారో అడగండి. మేం ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, రొమ్ము కింద ప్రోబ్ పెట్టి నాలుగు గదులూ చూస్తాం. ఆ కోణంలో ప్రోబ్ పంపే శబ్ద తరంగాలు ఈ గోడకు సమాంతరంగా పోతాయి. అందుకే సన్నటి పల్లం ఒక్కోసారి అసలు కనబడదు, అక్కడ రంధ్రం ఉందేమో అనిపిస్తుంది, మందం కొలత కూడా గట్టిగా చెప్పలేం. బరువున్న ఆడవాళ్లలో ఆ చోటు నుంచి బొమ్మే మసకగా వస్తుంది. ఈ గోడను సరిగ్గా చూడాలంటే వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి పొట్ట వదులు చేయించి, పక్కటెముకలు కలిసే చోట కింద నుంచి ప్రోబ్‌ని దాదాపు పడుకోబెట్టి లోపలికి నొక్కాలి. ‘గట్టిగా ఊపిరి పీల్చి పట్టుకోండి అమ్మా’ అంటాం. ఊపిరితో గుండె కిందికి దిగి ప్రోబ్‌కి దగ్గరవుతుంది. అప్పుడు తరంగాలు గోడకు అడ్డంగా తగులుతాయి. కొవ్వు తెల్లగా మెరుస్తుంది, మధ్యలో పల్లం సన్నగా రెపరెపలాడుతుంది. మోకాళ్లు మడవలేని అమ్మలకు ఇది కష్టం, నేను వాళ్ల మోకాళ్ల కింద దిండు పెట్టి నెమ్మదిగా చేయిస్తాను. మీ అమ్మగారికి ఈ వ్యూ తీశారా, అందులో పల్లం స్పష్టంగా కనిపించిందా అన్నది డాక్టర్ గారు వీడియో చూస్తే ఒక నిమిషంలో తెలుస్తుంది. కాబట్టి కాగితం ఒక్కటే కాదు, వీడియో ఉన్న సీడీ అడిగి తీసుకోండి. ఇస్తారు.

బొమ్మ స్పష్టంగా ఉంటే చాలామందికి అక్కడితో సరిపోతుంది. అనుమానం మిగిలితే సీటీ గానీ ఎంఆర్ఐ గానీ రాస్తారు. సీటీలో ప్రతి చుక్కకూ ఒక నంబరు ఉంటుంది. నీటికి సున్నా, కండరానికి ప్లస్‌లో వస్తుంది, కొవ్వుకు సున్నా కన్నా బాగా కిందికి, మైనస్ వంద చుట్టుపక్కల వస్తుంది. నంబరే కొవ్వు అని చెప్పేస్తుంది. ఎంఆర్ఐలో అయితే కొవ్వు తెల్లగా వస్తుంది, తర్వాత కొవ్వు సిగ్నల్‌ని అణిచే పద్ధతిలో తీస్తే అదే చోటు నల్లబడిపోతుంది. అలా నల్లబడితే ముక్క తీసి పరీక్షకు పంపాల్సిన పనే ఉండదు. మంచి పరీక్షలే, కాదనను. కానీ ఏ పరీక్ష కావాలో ఎకో చూసిన డాక్టర్ చెప్పాలి. కౌంటర్‌లో స్లాట్ ఖాళీగా ఉందని చేయించుకునేది కాదు. పేషెంటు పక్కనే కూర్చుని ఉండగా గడ్డ అన్న మాట అంత తేలిగ్గా ఎలా అంటారో నాకు అర్థం కాదు. ఆ మాటతో ఇళ్లలో ఎన్ని రాత్రులు నిద్రలు పోతాయో మా గదికి వచ్చే మొహాల్లో రోజూ చూస్తాను.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరికి పెట్టాను. ప్రెడ్నిసలోన్ ఆపనివ్వకండి. ఏళ్ల తరబడి ఆ మాత్ర వేసుకునేవాళ్ల ఒంట్లో, కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు సొంతంగా స్టెరాయిడ్ తయారు చేయడం తగ్గించేస్తాయి. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోవచ్చు, వాంతులు, విపరీతమైన నీరసం, ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఆపరేషన్ ముందు అయితే మరీ ప్రమాదం. స్టెరాయిడ్‌కీ ఈ కొవ్వుకీ సంబంధం ఉందన్నది నిజమే, కానీ ఆ కొవ్వు కోసం మాత్ర ఆపమని ఎవరూ చెప్పరు. తగ్గించాలంటే కీళ్ల డాక్టర్ గారే కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఇవాళ రాత్రే ఆవిడ పక్కన కూర్చుని ఈ ఒక్క మాట ఒప్పించండి.

వెల్లుల్లి గురించి రాసినవారికి: తినడానికి మంచిదే, మా ఇంట్లో పప్పు పోపులో రోజూ పడుతుంది. కానీ ఈ గోడలోని కొవ్వు ఏ కషాయానికీ కరగదు, ఏ మాత్రకూ కరగదు. కరగాల్సిన అవసరం కూడా లేదు. పైగా ఆపరేషన్ ముందు పచ్చి వెల్లుల్లి ఎక్కువగా తింటే రక్తం గడ్డకట్టడం మీద ప్రభావం ఉండొచ్చు, అలాంటివి మత్తు డాక్టర్‌కి చెప్పాలి. ఆపరేషన్ తేదీ దగ్గర పెట్టుకున్న మనిషికి దయచేసి ఇలాంటి సలహా ఇవ్వకండి.

అన్నం సగానికి తగ్గించడం కూడా వద్దు. ఆపరేషన్ గాయం మానాలంటే ఒంట్లో శక్తి ఉండాలి, పప్పు, గుడ్డు, పెరుగు బాగా తిననివ్వండి.

సైనిక్‌పురి రిటైర్డ్ జవాబు

పై మేడమ్ గారు చెప్పింది అంతా చదివాను. చాలా ఓపిగ్గా రాశారు. నాది కొంచెం వేరే అనుభవం, రెండో వైపు కూడా తెలియాలని రాస్తున్నాను. భయపెట్టడానికి కాదమ్మా.

నాకు 70 దాటాయి. రాత్రిపూట పడుకోగానే గుండె దడ, లెక్క తప్పి కొట్టుకోవడం. మా అబ్బాయి హోల్టర్ పెట్టించాడు, ఒంటికి వైర్లు అంటించి రోజంతా రికార్డు చేసే మిషన్. అందులో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే పై గదులు లయ తప్పి కొట్టుకోవడం, దొరికింది. ఎకోలో, తర్వాత సీటీలో ఈ గోడ 30 మిల్లీమీటర్ల దాకా ఉందని వచ్చింది. ఈ కొవ్వు వల్లే దడ వచ్చిందా అని డాక్టర్ గారిని అడిగాను. ఆయన జవాబు నాకు నచ్చింది: ‘గోడ బాగా మందంగా ఉన్నవాళ్లలో పై గదుల లయ తప్పడం ఎక్కువగా కనిపిస్తుంది. కానీ మీ వయసు, మీ బీపీ, మీ బరువు కూడా అదే పని చేస్తాయి. ఎవరిది ఎంత వాటా అని నేను చెప్పలేను. వైద్యం మాత్రం లయకి చేస్తాం, కొవ్వుకి కాదు.’

అలాగే చేశారు. లయకి మందు, రక్తం గడ్డ కట్టకుండా మందు. తర్వాత అబ్లేషన్ మాట వచ్చింది, అంటే లయ తప్పించే చోట్లను గుండె లోపలే కాల్చడం. తొడ దగ్గర నరం నుంచి తీగ పంపి, ఈ గోడను సూదితో దాటి ఎడమ గదిలోకి వెళ్తారు. గోడ కొవ్వుతో మందంగా ఉంటే దాటడం కష్టమా అని అడిగాను. ఆ సన్నటి పల్లంలోంచే దాటుతామని, గొంతులోంచి చేసే ఎకోతో చూసుకుంటూ చేస్తామని చెప్పారు. ఏదైనా గుండె ప్రొసీజర్ ఎప్పుడైనా చేయించుకోవాల్సి వస్తే ఈ సంగతి ముందే డాక్టర్‌కి చెప్పడం మంచిదట.

అందుకని అమ్మగారికి దడ ఉందా, కళ్లు తిరిగి పడిపోయారా అని అడగండి. లేకపోతే మీది నా కథ కాదు.

బోడుప్పల్ నుంచి జవాబు

ఇంకో చోట కూడా ఇది కంగారు పెడుతుంది, మాకు అలాగే జరిగింది. మా వారికి లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల కేన్సర్. కీమో అయ్యాక పెట్ సీటీ తీశారు. మెడలో, ఛాతీలో అంతా శుభ్రం, గుండె మధ్యలో మాత్రం ఒక చోట వెలిగింది. రిపోర్టు చదివి నాకు కాళ్లు ఆడలేదు. జబ్బు గుండెకి పాకిందనుకున్నాను. మా డాక్టర్ గారు పెట్ బొమ్మ, సీటీ బొమ్మ ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించారు. వెలిగిన చోట సీటీలో నల్లగా కొవ్వు ఉంది, ఇదే గోడ. పెట్‌కి ఇచ్చే ఇంజెక్షన్ చక్కెర లాంటిదట. గోధుమరంగు కొవ్వు చక్కెరని కాల్చి వేడి పుట్టిస్తుంది కాబట్టి అక్కడికి వెళ్లి చేరుతుందట. చలికి ఇంకా ఎక్కువ వెలుగుతుందని, తర్వాతిసారి స్కాన్‌కి ముందు గదిలో దుప్పటి కప్పి వెచ్చగా కూర్చోబెట్టారు. ఇప్పుడు ప్రతి కొత్త డాక్టర్‌కీ పాత రిపోర్టు ముందే చూపిస్తాను, మళ్లీ ఆ భయం ఎవరికీ రాకూడదని.

మలక్‌పేట ఎకో గది జవాబు

సైనిక్‌పురి సార్ చెప్పింది నేను రాయాల్సింది, ఆయనే చెప్పడం మంచిదైంది. దానికి ఒకటి కలుపుతాను. చాలా అరుదుగా ఈ కొవ్వు బాగా పెరిగి, తల, చేతుల నుంచి రక్తం గుండెకు తిరిగొచ్చే పెద్ద సిర, అంటే సుపీరియర్ వీనా కేవా, కుడి గదిలోకి తెరుచుకునే చోట అడ్డం పడుతుంది. అప్పుడు మొహం వాస్తుంది, ముఖ్యంగా పొద్దున లేచేసరికి. మెడ సిరలు ఉబ్బుతాయి, వంగితే తల బరువెక్కుతుంది. అలాంటివాళ్లకే ఆపరేషన్ చేసి కొవ్వు తీసే మాట వస్తుంది. ఇన్నేళ్లలో నా గదిలో అలాంటి పేషెంటును నేను చూడలేదు. డంబెల్ గోడలు మాత్రం ఎన్ని చూశానో. చాలామంది మీ అమ్మగారి లాగే మోకాలికో, కంటి శుక్లాలకో, గర్భసంచికో ఫిట్‌నెస్ కోసం వచ్చినవాళ్లే.

వనస్థలిపురం కూతురు

అందరికీ చేతులెత్తి దండం. మేడమ్, మీరు రాసింది అమ్మకు రాత్రే చదివి వినిపించాను. దిండ్లు, దుప్పటి మాట రెండుసార్లు చదివించుకుంది. మాత్ర వేసుకుంది.

ఇవాళ కార్డియాలజిస్టు గారిని కలిశాం. సీడీ పెట్టి చూశారు. పొట్ట పక్క నుంచి తీసిన వ్యూ ఉంది, కానీ పల్లం సరిగా రాలేదని ఆయనే తన గదిలో మళ్లీ తీశారు. అమ్మ మోకాళ్ల కింద దిండు పెట్టమని నేనే అడిగాను, వెంటనే పెట్టించారు. తెర మా వైపు తిప్పి చూపించారు. పైన తెల్లటి ముద్ద, కింద తెల్లటి ముద్ద, మధ్యలో సన్నటి దారం లాంటిది కదులుతూ ఉంది. అమ్మ తల పక్కకు తిప్పి ఆ బొమ్మనే చూస్తూ ఉండిపోయింది.

దడ, కళ్లు తిరగడం, మొహం వాపు, అన్నీ అడిగారు, ఏవీ లేవు. మెడ చూశారు. నడవలేదు కాబట్టి ఆయాసం సంగతి తెలియదని నేను చెప్పాను. మంచి ప్రశ్న అని, మందు ఎక్కించి చేసే స్ట్రెస్ ఎకో ఒకటి రాశారు. అది రక్తనాళాల కోసం, గోడ కోసం కాదని విడమర్చి చెప్పారు. ఎంఆర్ఐ ఇప్పుడు అక్కర్లేదన్నారు. ఏడాది తర్వాత మామూలు ఎకో ఒకసారి చూద్దాం, మధ్యలో దడ వస్తే రండి అన్నారు. స్ట్రెస్ ఎకో బాగుంటే ఆపరేషన్‌కి అడ్డు లేదని ఫిట్‌నెస్ కాగితం ఇస్తారు.

మేడమ్, ఆపరేషన్ రోజు పొద్దున ఏమీ తినకూడదు కదా, మరి స్టెరాయిడ్ మాత్ర సంగతేంటి? అడగడం మర్చిపోయాను.

మలక్‌పేట ఎకో గది జవాబు

సంతోషం తల్లీ. దడ లేదు, వాపు లేదు, పల్లం కనిపించింది. ఇక గోడని పక్కన పెట్టి మోకాలి మీద మనసు పెట్టండి. స్ట్రెస్ ఎకో రోజు బీపీ మాత్ర వేసుకోవాలో ఆపాలో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ రకం మాత్ర అయితే ముందు ఆపమంటారు, సొంతంగా మాత్రం ఆపకండి. మందు ఎక్కుతుంటే గుండె వేగం పెరిగి గుబగుబలాడినట్టు ఉంటుంది, అది పరీక్షలో భాగమని అమ్మగారికి ముందే చెప్పండి, లేకపోతే గోడకేదో అయిందనుకుంటారు. ఆపేశాక కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది.

స్టెరాయిడ్ ప్రశ్న మత్తు డాక్టర్ గారిదే. ఆపరేషన్ ముందు చెకప్‌కి పిలుస్తారు కదా, అప్పుడు మాత్ర పేరు, డోసు, ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారో కాగితం మీద రాసి చేతికివ్వండి. సాధారణంగా ఆ పూట మాత్ర కొద్దిపాటి నీళ్లతో వేసుకోమంటారు, థియేటర్‌లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ అదనంగా ఇవ్వాలో లేదో కూడా వాళ్లే నిర్ణయిస్తారు. కీళ్లవాతానికి వేరే మందులు, మెథోట్రెక్సేట్ లాంటివి, వాడుతుంటే వాటి పేర్లు కూడా అదే కాగితంలో ఉండాలి. కింద ఒక లైను: ఎకోలో లైపోమాటస్ సెప్టమ్, 22 మి.మీ., కార్డియాలజిస్టు చూశారు.